మార్బుల్ కేకులో ఆ నలుపు ఎక్కడిది?

మార్బుల్ కేకు కోయగానే కనిపించే నల్లటి మెలికలు చూసి, అది మొదట్నుంచీ చాక్లెట్‌తోనే చేసేవారనుకుంటాం. కాదు. 19వ శతాబ్దంలో జర్మనీలో పుట్టిన ఈ కేకులో తొలినాళ్ల నలుపు మొలాసిస్‌ది, మసాలా దినుసులది. చక్కెర తీసేశాక మిగిలే ఆ నల్లటి చిక్కని పాకం శృంగవరపుకోట వాళ్లకు కొత్తేమీ కాదు. పక్కనే భీమసింగి చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఆ వాసన ఎరగనిదెవరు?

కోకో వెనక వచ్చి చేరింది. గింజల్లోని కొవ్వు పిండే యంత్రానికి 1828లో హాలండ్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం పేటెంట్ పొందాకే పొడి చవకైంది. జర్మనీ నుంచి వలసపోయినవాళ్లతో కేకు అమెరికా చేరింది. అక్కడ 1889లో అచ్చయిన ‘ఆంట్ బాబెట్స్ కుక్ బుక్’లో చాక్లెట్ మార్బుల్ కేకు కనిపిస్తుంది. ఇక బీలెఫెల్డ్‌లో మందుల దుకాణం నడిపిన ఆగస్ట్ ఓట్కర్, 1890లలో అరకిలో పిండికి సరిపడా బేకింగ్ పౌడర్ పొట్లాలు కట్టి అమ్మాడు. కేకు పొంగుతుందో లేదోనన్న బెంగ ఇల్లాళ్లకు అలా తీరింది. నా దృష్టిలో ఈ కథలో కోకో కన్నా ఆ పొట్లమే గొప్పది.

మన దగ్గర ఆ పాత రుచికి దగ్గరి దారి అనకాపల్లి బెల్లం. 125 గ్రాముల వెన్న, 100 గ్రాముల పంచదార, రెండు గుడ్లు, 150 గ్రాముల మైదా, చెంచాన్నర బేకింగ్ పౌడర్, కాసిని పాలు కలపాలి. అందులో మూడోవంతు పిండి వేరే గిన్నెలోకి తీసి, చిక్కగా కాచి పూర్తిగా చల్లార్చిన నల్లబెల్లం పాకం రెండు చెంచాలు, దాల్చినచెక్క, లవంగాల పొడి వెయ్యాలి. కీలకం ఇక్కడే ఉంది. కోకో పిండిని బిగిస్తుంది, పాకం జారుచేస్తుంది. జారుగా ఉంటే ఇంకో చెంచా మైదా కలిపి రెండు పిండులనూ ఒకే చిక్కదనానికి తేవాలి. లేదంటే మెలికలు తిరగవు. తెల్లపిండి మీద నల్లపిండి పోసి, ఫోర్కుతో అడుగు నుంచి పైకి ఒక్క చుట్టు తిప్పి వదిలెయ్యాలి. ఇంకా తిప్పితే అంతా ఒకే గోధుమరంగు అయిపోతుంది.

ఓవెన్ లేకపోతే కుక్కర్ చాలు. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున ఇసుక పోసి, పది నిమిషాలు వేడెక్కాక గిన్నె దించి, సన్నటి సెగ మీద ముప్పావుగంట ఉంచాలి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. మసాలా కేకు మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది కాబట్టి శనివారం సాయంత్రం చేసి ఆదివారం టీ వేళకి కొయ్యండి.