క్రీడాభిరామమున ఓరుగంటి పురవీథులు

తెలుగు వాఙ్మయమున ఒక మహానగరమును కాలినడకను త్రిప్పి చూపెడి గ్రంథము క్రీడాభిరామము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామమునకు ఇది తెలుగుసేత. వినుకొండ వల్లభరాయని పేర వెలసినది. శ్రీనాథుడే దీని కర్త యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. ఆ తగవు పండితులది.

గోవింద మంచనశర్మ బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి వైశ్యుడు. ఇరువురును ప్రాణస్నేహితులు. ఓరుగంటి వీథుల తిరుగుటయే వారి పని. కాకతమ్మను, ఏకవీరను స్మరింతురు. పలనాటి వీరుల కథ పాడుచుండగా నిలిచి విందురు. పొట్టేళ్ళ పోరును, కోడిపందెమును చూతురు. ప్రతాపరుద్రుని ప్రియురాలగు మాచలదేవి యింటి చిత్రశాల ముచ్చటయు వచ్చును. ఆకలివేళకు లక్ష్మణవజ్ఝల పూటకూటియిల్లు కలదు. మంచి బియ్యపన్నము, గోధుమపిండి వంట, పంచదార, క్రొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు. ఇన్నియు నొక్క రూకకు! శాసనములలో దేవునికిచ్చిన మాన్యపు కొలత దొరకును గాని, బాటసారి యేమి తిని యెంత చెల్లించెనో దొరకదు. (శృంగారము మితిమీరిన తావులుండుటచే దీనిని బడిపిల్లల చేతికిచ్చుటకు పెద్దలు సంకోచింతురు. ఆ సంకోచము న్యాయమే. గ్రంథమును బీరువా అడుగున దాచుట మాత్రము న్యాయము కాదు.)

బోథు నుండి నిర్మల మీదుగా గోదావరి దాటి పోవు యాత్రికుడు మొదట హనుమకొండలో వేయిస్తంభముల గుడిని చూచును. రుద్రదేవుని 1163వ సంవత్సరపు శాసనము అచ్చట నున్నది. అది పాత రాజధాని. తరువాతి రాజధాని ఓరుగల్లు. వెలుపల మట్టికోట, లోపల కందకముతో రాతికోట. రాతిగోడను గణపతిదేవుడు (1199–1262) ఆరంభింపగా కుమార్తె రుద్రమదేవి పూర్తిచేసెనందురు. కోటవాకిళ్ళు మనుష్యుని తిన్నగా లోనికి పోనీయవు. మలుపు తిరిగియే పోవలయును. శత్రుసేన వేగమును విఱుచు ఉపాయమది. మోటారులో పోవువాని కంటె నడచువానికి ఇది బాగుగ బోధపడును.

నడుమ స్వయంభూదేవుని ఆలయస్థలము. నాలుగు దిక్కుల నాలుగు తోరణములు నిలిచియున్నవి; ఆలయము మాత్రము లేదు. 1323లో ఉలుఘ్ ఖాన్ నగరమును పట్టుకొనెను. బందీగా ఢిల్లీకి పోవుచు ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెను. ఓరుగంటికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టిరి.

ఇచ్చట నొక చిక్కు కలదు. వల్లభరాయడు ఈ పతనమునకు తరువాతివాడని పలువురి మతము. అట్లయిన మాచలదేవి యింటిని అతడు చూచియుండడు. మూలమైన ప్రేమాభిరామము లభింపదు. కావున ఏది కన్నది, ఏది విన్నది అని విడదీయుట కష్టము. నాటకము పహాణీపత్రము కాదు. అయినను సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో దీనిని విరివిగా వాడుకొనిరి, అది సబబే. రాజును పొగడునపుడు కవి హెచ్చించును. పెసరపప్పు విషయమున అబద్ధమాడి అతనికి కలుగు లాభమేమి?

తోరణముల నడుమ నిలిచి, ఆ పూటకూటియిల్లు ఏ దిక్కున నుండెనో యని వెదకువానికి గుర్తు కానరాదు. కోటలోపల నేడును ఇండ్లున్నవి, పొలములున్నవి. ఆ వాకిళ్ళ మలుపుల గుండనే జనులు పనులకు పోయి వచ్చుచున్నారు.