మోటారు రంపానికి మూడు మరలు

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎట్లా నేలకూలాయో చూసినవారు మరచిపోలేరు. చెట్టు మీద చెట్టు పడి ఉన్నచోట మోటారు రంపం పట్టినవాడు ఒకే తీరున నిలబడి కోయలేడు. ఒక మానును పైనుంచి కోయాలి, ఇంకొకదాన్ని పక్కనుంచి, మరొకదాన్ని అడుగునుంచి. రంపాన్ని ఎటు వంచినా ఇంజను మాత్రం ఆగదు. ఇది ఈనాడు మనకు వింతగా తోచదు గాని, దీన్ని సాధించటానికి ఇరవై ఏండ్లు పట్టింది. ఆ కథ తెలిస్తే రంపం పక్కన కనిపించే మూడు చిన్న మరలను మీరు ఊరకే తిప్పరు.

మొదట ఈ రంపాన్ని ఎత్తటమే పెద్ద పని. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే గొలుసు రంపం చేశాడు. అడవిలో కరెంటు ఎక్కడిది? 1927లో ఎమిల్ లెర్ప్ అనే ఆయన పెట్రోలు రంపాన్ని డోల్మార్ అనే కొండ మీద నడిపి చూశాడు. ఆ కొండ పేరునే తన కంపెనీకి పెట్టుకొన్నాడు. 1929లో స్టీల్ కూడా పెట్రోలు రంపం తెచ్చాడు. దాని బలం 6 గుర్రాలు, బరువు 46 కిలోలు. ఇప్పటి యూరియా బస్తా 45 కిలోలు గదా, దానికంటె ఒక కిలో ఎక్కువే. అటొకరు, ఇటొకరు పట్టవలసిందే.

బరువు ఒక చిక్కు. రెండో చిక్కు కార్బురేటరు. పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించేది ఇదే. ఆనాటి కార్బురేటరులో ఒక చిన్న గిన్నె, గిన్నెలో తేలే బెండు ఉండేవి. పెట్రోలు మట్టం పెరిగితే బెండు లేచి దారి మూస్తుంది, తగ్గితే దిగి దారి తెరుస్తుంది. నీళ్ల ట్యాంకులో తేలే బంతి చేసే పనే ఇది. మరి గిన్నెను వంచితే? పాత స్కూటరు స్టార్టు కాకపోతే మనవాళ్లు దాన్ని పక్కకు వంచి మళ్లీ కిక్కు కొట్టేవారు, జ్ఞాపకముందా? వంచితే గిన్నెలో మట్టం మారుతుంది. స్కూటరుకు అది ఒకసారి పనికివచ్చింది. రంపానికి అదే ప్రాణగండం. అందుచేత ఇంజనును నిటారుగా ఉంచి, కోసే భాగాన్ని మాత్రం పక్కకు తిప్పుకొనే ఏర్పాటు చేశారు. నిలిచిన చెట్టు నుంచి పడిన మానుకు వెళ్లినప్పుడల్లా సడలించటం, తిప్పటం, బిగించటం.

1940ల చివర, 1950లలో గిన్నె, బెండు పోయి, వాటి స్థానంలో డయాఫ్రం అనే పల్చని పొర వచ్చింది. ఇంజను లోపల పిస్టను ఆడుతుంటే పుట్టే ఒత్తిడికి ఒక పొర గుండెలాగా కొట్టుకొని ట్యాంకు నుంచి పెట్రోలు లాగుతుంది. రెండో పొర కావలసినంత మాత్రమే లోపలికి విడుస్తుంది. తేలే వస్తువే లేదు గనుక తలక్రిందులైనా పని ఆగదు. 1959లో స్టీల్ కంపెనీ తెచ్చిన కాంట్రా రంపానికి బలం ఆ పాత 6 గుర్రాలే, బరువు మాత్రం సుమారు 12 కిలోలు.

ఈలోగా గొలుసు కూడా మారింది. అమెరికాలోని ఆరెగన్‌లో జోసెఫ్ కాక్స్ అనే ఆయన 1946లో కట్టెలు కొడుతూ, మొద్దును తొలుస్తున్న పురుగును గమనించాడు. అది దవడలతో అటూ ఇటూ గీరుతూ మానును సునాయాసంగా తినేస్తున్నది. ఆ దవడల తీరునే 1947లో గొలుసు పళ్లు చేసి అమ్మాడు. మనం పురుగును చూడగానే మందు కొడతాం. ఆయన కూర్చొని చూశాడు!

ఇక మరల సంగతి. ఎల్ అని రాసి ఉన్నది తక్కువ వేగానికి, హెచ్ అని ఉన్నది పూర్తి వేగానికి పెట్రోలు పాళ్లు నిర్ణయిస్తాయి. మూడోది ఊరికే ఆడే వేగానికి. మొదటి రెండింటిని కుడివైపు తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. ముందు గాలి ఫిల్టరు శుభ్రం చేసి, ఇంజను బాగా వేడెక్కనివ్వండి. ఎల్ మరను మెల్లగా తిప్పుతూ వేగం ఎక్కడ ఎక్కువవుతుందో చూసి, అక్కడినుంచి కాస్త ఎడమకు తేవాలి. పిమ్మట మూడో మరతో, ఇంజను ఆగకుండా, గొలుసు మాత్రం కదలకుండా సరిచేయాలి. ఊరికే ఆడే ఇంజనుకు గొలుసు తిరుగుతుంటే ఆ రంపాన్ని కోతకు పట్టుకోకండి, కాలు పోతుంది.

హెచ్ మర దగ్గరే చాలామంది ఇంజను కాల్చుకుంటారు. కుడికి తిప్పేకొద్దీ శబ్దం సన్నగా, కీచుగా లేస్తుంది. "అబ్బ, ఎంత జోరుగా ఉంది!" అనిపిస్తుంది. నిజానికి అది ఇంజను అరుపు. ఇక్కడ నూనె పెట్రోలులోనే కలిసి వస్తుంది గదా. పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గినట్లే. వేడి పెరిగి పిస్టను గీసుకుపోతుంది. కోతలో లేనప్పుడు పూర్తి వేగం మీద శబ్దం కొంచెం మొద్దుగా, తడబడుతున్నట్లు ఉండాలి. మానులోకి దిగగానే ఆ తడబాటు పోవాలి. అదీ గుర్తు. కొత్త రంపాల్లో కొన్నింటికి మర ఎక్కువ తిరగకుండా అడ్డు ఉంటుంది, కొన్ని తమంత తామే సరిచేసుకొంటాయి. వాటి జోలికి పోవద్దు.

నూనె పాళ్లు మీ రంపం పుస్తకంలో ఉన్నట్లే కలపండి. 50కి 1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. ఇప్పుడు మన బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తున్నది. అది తేమను పీల్చుకొంటుంది, నిలవ ఉంటే పల్చని పొరలను గట్టిపరుస్తుంది. పొర గట్టిపడ్డ రంపానికి మరలు ఎంత తిప్పినా గుణముండదు. ఆ పొరల సెట్టు మార్చవలసిందే. కోతలు ముగిసి రంపాన్ని అటక ఎక్కించేముందు ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్క అయిపోయి ఇంజను తనంతట ఆగేదాకా నడపండి.