మిర్యాలగూడ పూటకూళ్ళు

ఊరి చరిత్ర వ్రాయబూనినవారు సాధారణముగా కోటతోనో, గుడితోనో, శాసనముతోనో మొదలుపెట్టుదురు. మా మిర్యాలగూడకు అట్టి ప్రారంభము కావలెనన్నచో కృష్ణయు మూసియు కలిసెడి వాడపల్లి సమీపముననే ఉన్నది. అచట అగస్త్యేశ్వరుడును లక్ష్మీనరసింహుడును ఉన్నారు. కాని నలువదేండ్లుగా ఈ ఊరి హోటళ్ళలో వారమునకు మూడు నాలుగు పూటలైనను భోజనము చేయుచున్న నాకు, గడచిన అరువదేండ్ల చరిత్ర శిలలమీదకంటె విస్తళ్ళలోనే స్పష్టముగా కనబడును. ఏ వీధిలో ఏ హోటలు ఎందుకు వెలసెను, ఎవరి ఆకలి కొరకు వెలసెను, ఆ ఆకలిగొన్నవాడు మారినపుడు వంట ఎట్లు మారెను అని విచారించుకొనుచు పోయినచో కాలువ, మిల్లు, రైలు, లారీ అన్నియు ఒకే పంక్తిలో వచ్చి కూర్చుండును.

కాలువకు పూర్వము ఇది మెట్టసీమ. జొన్న, సజ్జ, ఆముదము పండెడివి. చెరువు క్రింద కొంచెము వరి. కృష్ణకు ఆవలియొడ్డునగల పల్నాటిలో జొన్నకూటికి విసిగి శ్రీనాథుడు చాటువులు చెప్పెనని లోకప్రసిద్ధము. ఈవలి యొడ్డునకు వచ్చియున్నను ఆయనకు అదియే దొరికి యుండును. మా నాయనమ్మ ‘బువ్వ’ అన్న మాటను వరియన్నమునకు మాత్రమే వాడెడిది. నిత్యము తినునది గటక. బువ్వ పండుగకో, చుట్టము వచ్చినపుడో, జ్వరము విడిచిన పిల్లవానికో. అట్టి ఇంట పెరిగినవాడను గనుక, నేటికిని హోటలులో అడుగకముందే రెండవమారు అన్నము వడ్డించినపుడు నా మనస్సున ఒక చిన్న ఆశ్చర్యము మెదలుచునే యుండును.

వెల పుచ్చుకొని అన్నము పెట్టుట తెలుగుదేశమున నిన్న మొన్న పుట్టిన వృత్తి కాదు. ఓరుగల్లు పూటకూటియింట ఒక రూకకు దొరకెడి భోజనమును క్రీడాభిరామము వర్ణించినది. సురవరము ప్రతాపరెడ్డిగారు తమ ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో, అనగా 1955లో తెలుగునకు కేంద్ర సాహిత్య అకాడమీ తొలి పురస్కారమును తెచ్చిన గ్రంథములో, ఇట్టి పూటకూళ్ళను రాజుల యుద్ధములతో సమానమైన శ్రద్ధతో పరిశీలించిరి. ఆ ఓరుగల్లు విస్తరిలో నన్ను ఎల్లపుడు నిలువబెట్టునది గోధుమపిండివంట కాదు, నేయి కాదు. కవి అన్నమును వట్టి అన్నమని విడువక, కర్పూరభోగి అని బియ్యమును పేరు పెట్టి పిలుచుట. భోజనము చేయువాడు తాను తిను బియ్యమేదో ఎరిగియుండిన కాలమది. నేడు మా ఊరి హోటళ్ళలో ఎంతమంది ఆ ప్రశ్న అడుగుచున్నారు?

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నందికొండకడ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. లాల్ బహదూరు శాస్త్రిగారి పేరు పెట్టిన ఎడమకాలువ మా నేలలమీదుగా పారినది. నీటి వెంట మనుష్యులు వచ్చిరి. గుంటూరు, కృష్ణా మండలముల రైతులు అచట ఎకరము అమ్మి ఇచట అంతకంటె ఎక్కువ కొని, చెల్కలను మళ్ళుగా దిద్దిరి. వరి పండినది, వరితో మిల్లులు లేచినవి. ఆ మిల్లులే కాలక్రమమున దేశమంతటను ఈ ఊరి పేరును వినిపించినవి. బీబీనగరు–నడికుడి రైలుమార్గము పడిన తరువాత ఇచటి ఉప్పుడుబియ్యము కేరళకును, తమిళదేశమునకును బోగీలకెక్కి పోవుట సులభమైనది.

హోటళ్ళు అసలు అప్పుడు పుట్టినవి. అంతకు ముందు తాలూకా కచేరికి వచ్చినవారికి చాయ, ఉప్మా, ఏ పూటకాపూట భోజనము పెట్టెడి రెండు మూడు ఇండ్లు మాత్రముండెడివని మా తండ్రిగారు చెప్పెడివారు. కాలువ వచ్చిన పిదప బస్తాలు మోయు హమాలీలకు, లారీ డ్రైవర్లకు, ధాన్యము తెచ్చిన రైతులకు, కొనవచ్చిన వర్తకులకు, బ్యాంకు గుమాస్తాలకు అన్నము కావలసి వచ్చినది. వలస వచ్చిన కుటుంబములలోని కొందరు ముందుగదిలో నాలుగు బల్లలు వేసి ‘మెస్’ అని బోర్డు కట్టిరి. వారు తెచ్చిన గోంగూర పచ్చడియు, కందిపొడియు, మా పచ్చిపులుసును, పల్లీల చట్నీయు ఒకే కంచమున చేరినవి. ఆంధ్రమా తెలంగాణమా అని వీధులలో మాటలు పెరిగిన సంవత్సరములలోను, రాష్ట్రము ఏర్పడిన 2014 జూన్ 2 తరువాతను, ఆ కంచములోని పొత్తు విడిపోలేదు. ఈనాటికిని మా ఊరిలో మంచి భోజనమనగా మొదటి ముద్ద గోంగూరతో, నడిమి ముద్ద పచ్చిపులుసుతో, కడపటిది గడ్డపెరుగుతో. ఈ క్రమము ఏ ఒక్క జిల్లాదియు కాదు, మాది.

ఆ తొలినాళ్ళ హోటళ్ళకు మిల్లు మరియొక ఉపకారము చేసినది: ఊక. ఇనుప డబ్బాలో నడుమ కఱ్ఱ నిలిపి, చుట్టును ఊకను దట్టముగా కూరి, ఆ కఱ్ఱను మెల్లగా పైకి లాగినచో ఏర్పడెడి బిలమే ఊకపొయ్యి. అంటించిన మంట ఎగసిపడక, మాటిమాటికి ఊదనక్కరలేక, గంటలకొలది ఒక్కతీరున మండెడిది. దానిమీద గుండిగలో ఎసరు మరగించి, బియ్యము పోసి, మెతుకు పట్టి చూచి, సిబ్బిరేకు మూసి గంజి వార్చెడివారు. ఆ గంజిని ఉప్పు వేసి హమాలీలకు ఊరకనే పోసెడి ఒక ముసలి యజమానిని నేను చిన్ననాట ఎరుగుదును. నేడు ఊక మిల్లు బాయిలర్లకే చాలక వెల పలుకుచున్నది; హోటళ్ళు గ్యాసుకు మారినవి. మంట వాడి పెరిగి, అన్నము త్వరపడినది. త్వరపడిన అన్నమునకు పలుకు మిగులును. నా నాలుకకు అది తెలియుచునే యున్నది.

ఇపుడు నిష్పక్షపాతముగా నా అభిప్రాయము చెప్పవలెను. హోటళ్ళ పేర్లు వ్రాయను. ఒకరి జీవనము నా కలముమీద ఆధారపడుట ధర్మము కాదు.

టిఫిను విషయమున మా ఊరు ధన్యము. తెల్లవారుజామున నాలుగున్నరకే లారీలవారి కొరకు సాగరు రోడ్డున పొయ్యిలు వెలుగును. ఇడ్లీ మెత్తన, పల్లీల చట్నీ చిక్కన, అల్లపు చట్నీ ఘాటు. ఉప్పుడుబియ్యము మా మిల్లులలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆడించి పరదేశములకు పంపుచున్నాము. ఆ నానిన వడ్ల వాసనతోనే మాకు తెల్లవారుచున్నది. కాని అన్నముగా దానిని మేము ముట్టము. అది మా నోటికి చేరునది ఇడ్లీరవ్వ రూపముననే. ఆ రవ్వను ముందునాటి రాత్రి కడిగి పిండి కలిపి పులియనిచ్చిన హోటలును, తెల్లవారి సోడా వేసి పొంగించిన హోటలును కన్ను మూసికొనియు చెప్పవచ్చును: సోడా ఇడ్లీ వేడిగా ఉన్నంతసేపే మెత్తన, చల్లారగనే అట్టవలె బిగియును. మైసూరుబజ్జీ మాత్రము నేను మానితిని. ఒకచోట, బాణలిలోని నూనె నల్లబడి అడుగున ముక్కలు పేరుకొనియుండగా అడిగితిని; వంటవాడు, “నిన్నటిదే సారూ, పారబోస్తె ఎట్ల గిట్టుద్ది?” అనెను. అతని బాధ అసత్యము కాదు. కాని ఆ నూనె తిన్నవాని కడుపుబాధయు అసత్యము కాదు.

భోజనములలో నా ఫిర్యాదు పప్పుతోను, సాంబారుతోను కాదు, అన్నముతోనే. కొత్తబియ్యము పిండిపదార్థము విడిచి ముద్దయగును. సంవత్సరము నిలిచిన బియ్యము నీరు పీల్చి ఒదుగును, మెతుకు మెతుకు విడివడును. పాతవాటి వెల హెచ్చు. కాని ఒదుగుటవలన గుండిగకు నాలుగు విస్తళ్ళు అదనముగా వచ్చునని ఎరిగిన యజమాని నష్టపడడు. ఎరుగనివాడు, లేక నిలువ పెట్టుటకు చేతిలో రొక్కము లేనివాడు, నిన్న మిల్లునుండి వచ్చిన బియ్యమునే నేడు వండును. 1986లో బాపట్ల పరిశోధనాకేంద్రమునుండి వెలువడిన సాంబమసూరి, అనగా మా రైతులు బీపీటీ అనునది, పాతబడినపుడు ఎంత సుకుమారమైన అన్నమగునో తెలిసినవాడు, అదే బియ్యము కొత్తలో జిగురై విస్తరికి అంటుకొనియుండగా చూచి ఊరకుండలేడు. దేశమునకు బియ్యము పంపు ఊరిలో, రంగు వేసిన బిర్యానీకి జనము గుమిగూడి, తెల్లని అన్నమును ఎవరును పరీక్షింపకుండుట నాకు నిజముగా దుఃఖకరము. వేడివేడి సాంబారును పలుచని పాలిథీను సంచిలో పోసి ముడివేసి ఇచ్చుటయు అట్టిదే. ఇంటినుండి టిఫినుగిన్నె తీసికొనిపోవు అలవాటు మా తరముతోనే పోయినది.

సూర్యాపేట, కోదాడలతో పోల్చి మా హోటళ్ళను చిన్నచూపు చూచువారు కలరు. అవి హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిమీది ఊళ్ళు. అచటి హోటళ్ళకు అద్దములు, దీపములు, కార్లు నిలుపు స్థలము. నేను అచటను తింటిని, కొన్నిచోట్ల తృప్తిగానే తింటిని. కాని బస్సు పదిహేను నిమిషములు ఆగి కదిలిపోవును. తిన్నవాడు మరల వచ్చి నిలదీయడు. మా ఊరికి వచ్చువాడు పంటపంటకు వచ్చును. వానాకాలము పంటకు ఒకమారు, యాసంగికి ఒకమారు, అదే రోడ్డున అదే హోటలు ముందు ట్రాక్టరు నిలుపును. అతనికి క్రిందటిసారి తిన్న పప్పు రుచి జ్ఞాపకముండును. మా హోటళ్ళలో మంచివి మంచివిగా నిలిచినవన్నచో ఆ జ్ఞాపకమునకు వెఱచియే.

కోతమిషను దింపిన పచ్చివడ్లను కళ్ళములో ఆరబోయక తిన్నగా మిల్లుకు తెచ్చుట ఇచటి పద్ధతి గనుక, నవంబరు నెలలో చింట్లు మొదలగు సన్నరకముల ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరును. కొన్ని సంవత్సరములు టోకెన్లు ఇచ్చియు అదుపుచేయవలసి వచ్చినది. ధర తేలువరకు, తేమ చూచువరకు, కాంటా అగువరకు రైతు అచటనే. ఆ రాత్రులలో హోటలువాడు రైతునకు బంధువైనను కావచ్చును, రాబందైనను కావచ్చును. అట్టి రాత్రులలో ప్లేటు వెల హఠాత్తుగా పెంచిన చోట్లను చూచితిని. పది గంటలకే తలుపు వేసికొనినవానిని చూచితిని.

రెండేండ్ల క్రిందట అట్టి ఒక రాత్రి, పదకొండు దాటిన తరువాత, మిల్లుల దారిలో రేకుల కప్పుగల ఒక చిన్న హోటలులో కూర్చుంటిని. భార్యాభర్తలు నడుపుదురు, ఆమె వండును, ఆయన వడ్డించును. బల్లలు నాలుగు. కూర వంకాయ, పప్పు దోసకాయ, ఒక గిన్నెలో పచ్చిమిరపకాయ కాల్చి పిసికిన పచ్చిపులుసు. పులుసులో ఉల్లిపాయ అప్పుడే తరిగినదని వాసనయే చెప్పుచుండెను. ఇద్దరు రైతులు వచ్చిరి. భుజములమీద వడ్లనుసి, కనురెప్పలమీద దుమ్ము.

“అక్కా, అన్నం ఉన్నదా? ఒడిసిందా?”

“ఉన్నది తమ్మీ. చేతులు కడుక్కోన్రి. మీ బండ్లు ఖాళీ అయ్యేదాక నా పొయ్యి ఆరదు.”

వారిలో పెద్దవాడు విస్తరిముందు కూర్చుండి, అన్నము వడ్డింపగనే కలుపుకొనలేదు. ఒక మెతుకును తీసి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ మెల్లగా నలిపి, దీపపు వెలుగునకెత్తి చూచెను. మెతుకు చిదిమిపోక, సన్నని తెల్లని నూలుపోగువలె నిలువుగా సాగినది.

“ఏడాది దాటినయ్ గదా అక్కా, బీపీటీనే.”

“రెండు పంటల కిందటియి. మీసోంటోళ్ళు తినేది, కొత్తయి ఎట్ల పెడత?” అని ఆమె గరిటతో పచ్చిపులుసు పోసినది.

అతడు తల ఊపి, రెండవవానివైపు తిరిగి, “తిను, మనయే,” అనెను. తరువాత ఇద్దరును చాలసేపు మాటలాడక తినిరి. వెలుపల ట్రాక్టర్ల బారు రెండు బండ్లంత ముందుకు జరిగినది, ఎవరో కేకవేసిరి. చిన్నవాడు లేవబోగా పెద్దవాడు చేయి పట్టి కూర్చుండబెట్టి, పెరుగు వేయుమని ఆమెకు సైగచేసెను.