రెండు ఊరిపేర్ల కథలు: ఉత్తరాంధ్ర చరిత్రస్మృతిలో ముస్లిం పాలకులు

పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతం కుతుబ్‌షాహీల కాలం నుంచి చికాకోలు సర్కారులో భాగం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం జిల్లాలో, తరువాత విశాఖపట్నం జిల్లాలో ఉండి, 1950లో శ్రీకాకుళం జిల్లాలో చేరింది. హద్దులు ఇన్నిసార్లు మారినా, ముస్లిం పాలకులంటే బయటినుంచి వచ్చి దోచుకున్నవారనే భావన ప్రజాస్మృతిలో బలంగా నిలిచింది. ఆ భావనను నిలిపినది స్థానిక చరిత్ర కాదనీ, దానిని చదివే జాతీయ చట్రమనీ ఈ వ్యాస ప్రతిపాదన.

భారతదేశాన్ని ఎన్నడూ చూడని జేమ్స్ మిల్ 1817లో ఈ దేశచరిత్రను హిందూ, మహమ్మదీయ, బ్రిటిష్ యుగాలుగా విభజించాడు. మొదటి రెండింటికి మతం పేరు పెట్టి, మూడవదానికి మాత్రం జాతి పేరు పెట్టాడు. జాతీయోద్యమ కాలపు తెలుగు చరిత్ర రచనా ఈ విభజనను విడువలేదు. కొమర్రాజు లక్ష్మణరావు గ్రంథాల పేర్లు 'హిందూ మహాయుగము', 'మహమ్మదీయ మహాయుగము'. ఆయన ఆశయం విజ్ఞానవ్యాప్తి. అయినా రాజు మతమే యుగలక్షణమన్న భావన ఆ పేర్లతోపాటు పాఠకునికి చేరింది.

దీని ప్రభావం రెండు స్థలనామ కథలలో కనిపిస్తుంది. శిస్తు సొమ్ము సంచి విప్పమనే 'సిక్కా ఖోల్' అన్న మాటే చికాకోలు అయిందని ఒక ఐతిహ్యం. గోల్కొండ ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్‌తో వచ్చిన పెదరాయుడు, తన పోషకుని పేరులోని 'షేర్' శబ్దానికి గౌరవంగా ఊరికి పెద్దపులి అని పేరు పెట్టగా, అది బెబ్బులి, బొబ్బిలి అయిందని మరొకటి. రెండూ ప్రధానంగా శబ్దసామ్యం మీద నిలిచినవే. అయినా మొదటిది ముస్లిం పాలన స్వభావానికి సాక్ష్యంగా వినిపిస్తుంది. రెండవదానిలోని కృతజ్ఞత మరుగున పడి, బెబ్బులి కేవలం వీరత్వచిహ్నంగా మిగిలింది. 1757 బొబ్బిలి యుద్ధంలో ఫ్రెంచి సేనాని బుస్సీ పక్షాన నిలిచినవాడు విజయనగర ప్రభువు విజయరామరాజు. మతం ఆధారంగా గీసిన యుగరేఖ ఆ వైరాన్ని వివరించలేదు.

కుతుబ్‌షాహీల పాలనలో యుద్ధాలు, శిస్తు భారం లేవని దీని అర్థం కాదు. వాటిని రాజ్యనీతిగా కాక మతస్వభావంగా చదివినప్పుడు, పదిహేడవ శతాబ్దపు ఫౌజుదారు లెక్కకు నేటి ముస్లిం పొరుగువాడు జవాబుదారీ అవుతాడు. ఉద్దానం రైతు ఖరీఫు, రబీ, జిరాయితీ, జమాబందీ అన్న మాటలను పరాయివిగా భావించడు. ఆ మాటలను తెచ్చిన చరిత్రను చదివేటప్పుడూ అదే దృష్టి అవసరం.