డబ్బాపాలలో విరుగుడు నీళ్ళు

పాలు విరిగిపోతే మనిళ్ళల్లో ఏం చేస్తారు? గడ్డల్ని గుడ్డలో పిండి, పంచదార వేసి పిల్లలకి పెట్టేస్తారు. పచ్చటి నీళ్ళు తూములోకి పోతాయి. అమెరికా, యూరప్‌లలో చీజ్ తయారుచేసేవాళ్ళూ చాన్నాళ్ళు ఇదే పని చేశారు. పందులకి పొయ్యడం, లేదా ఏట్లోకి వదిలెయ్యడం. అలా పారబోసిన నీళ్ళే తర్వాత పసిపిల్లల డబ్బాపాలకి ప్రాణమయ్యాయి. ఈ చరిత్ర చదువుతుంటే నాకు ముందు సరదా వేసింది, చివర్లో కాస్త చిరాకేసింది.

పాలల్లో ప్రోటీన్లు రెండు రకాలు. గడ్డకట్టేది కేసీన్, నీళ్ళల్లో మిగిలిపోయేవి వే ప్రోటీన్లు. ఆవుపాలల్లో కేసీన్, వే సుమారు 80:20. తల్లిపాలల్లో 40:60, అదీ సగటున. కాన్పైన తొలిరోజుల్లో వే ఇంకా ఎక్కువుండి, నెలలు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తుంది. పైగా ఆవుపాలల్లో మొత్తం ప్రోటీనే మూడింతలు: 100 మిల్లీలీటర్లకి 3.3 గ్రాములు, తల్లిపాలల్లో 1 గ్రాము అటూఇటూ. దూడ రెండు నెలలు తిరక్కుండానే బరువు రెట్టింపవ్వాలి మరి!

ఈ తేడా మీద 1869లోనే బీడెర్ట్ అనే జర్మన్ వైద్యుడు సిద్ధాంత వ్యాసం రాశాడు. కానీ అప్పటికి చేతిలో ఉన్న ఉపాయం ఒకటే, నీళ్ళు కలపడం. నీళ్ళు కలిపితే ప్రోటీన్ తగ్గుతుంది గానీ, 80:20 ఎక్కడికి పోతుంది?

1890లలో బోస్టన్‌లో రాచ్ అనే హార్వర్డ్ ఆచార్యుడు ఏకంగా లెక్కల్లోకి దిగాడు. కొవ్వు ఇంత శాతం, చక్కెర ఇంత, ప్రోటీన్ ఇంత అని ఒక్కో పిల్లాడికీ విడిగా చీటీ రాయడం, దాని ప్రకారం పాల లాబొరేటరీ వాళ్ళు సీసాలు నింపడం. ఆ లెక్కలు చూస్తే దీన్ని ‘ఫార్ములా’ అని ఎందుకంటారో అడగక్కర్లేదు. నాకు మాత్రం ఒక్కో కస్టమరుకీ విడిగా కోడ్ రాసే కంపెనీలు గుర్తొచ్చాయి :) అది ఎన్నాళ్ళో నిలవలేదు. 1920ల నుంచి అమెరికన్ తల్లులు ఎవాపరేటెడ్ పాలల్లో నీళ్ళూ, మొక్కజొన్న సిరపూ కలిపి పట్టడం మొదలెట్టారు. బాగా కాగిన పాలు కడుపులో మెత్తగా విరుగుతాయి, అదీ దాని సుగుణం.

మరి వే తక్కువైతే పారబోసే వే నీళ్ళే తెచ్చి కలపొచ్చుగా? కలపొచ్చు, కానీ వాటినిండా లవణాలే. పసివాళ్ళ మూత్రపిండాలు అంత ఉప్పుని వదిలించుకోలేవు. ఎలక్ట్రోడయాలిసిస్‌తో ఆ లవణాల్ని లాగెయ్యడం కుదిరాక, 1961లో వైయెత్ కంపెనీ ఎస్-26 తెచ్చింది. వే 60, కేసీన్ 40. దాదాపు తొంభై ఏళ్ళ క్రితం బీడెర్ట్ ఎత్తిచూపిన తేడా డబ్బా మీద అలా సర్దుకుంది.

ఇక నా చిరాకు. ఆవు వే నీళ్ళల్లో ఉండే ప్రోటీన్‌లో దాదాపు సగం బీటా-లాక్టోగ్లోబ్యులిన్. తల్లిపాలల్లో అది అసలుండదు! అక్కడ ముఖ్యమైనవి ఆల్ఫా-లాక్టాల్బుమిన్, లాక్టోఫెర్రిన్. అంటే నిష్పత్తి కలిసింది, సరుకు కలవలేదు. టెస్టు పాసయ్యేలా మాత్రమే రాసిన కోడ్ లాంటిది. దీనివల్ల ట్రిప్టోఫాన్ లాంటి అమైనో ఆమ్లాలు చాలక, మొత్తం ప్రోటీన్‌ని తల్లిపాలకన్నా ఎక్కువే ఉంచాల్సొచ్చింది. ఆల్ఫా-లాక్టాల్బుమిన్ ఎక్కువగా ఉండే వే తయారుచెయ్యడం నేర్చాకే ప్రోటీన్ తగ్గించే వీలు దొరికింది.

ఎక్కువుంటే నష్టమేంటంటారా? అయిదు యూరప్ దేశాల్లో పిల్లల్ని రెండు జట్లుగా చేసి, ఒకరికి ప్రోటీన్ ఎక్కువున్న డబ్బాపాలు, ఇంకొకరికి తక్కువున్నవి పట్టారు. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆరేళ్ళ వయసుకి మొదటి జట్టులో ఊబకాయం రెట్టింపుకి మించి ఉంది.

పాలు చాలక డాక్టరు డబ్బా రాసిచ్చినప్పుడు మా చెల్లెలు, “అన్నయ్యా, వే ఎక్కువున్నదే మంచిదటగా?” అని ఫోన్ చేసింది. వే సంగతి వదిలేసి, 100 కేలరీలకి ప్రోటీన్ ఎన్ని గ్రాములో చదవమన్నాను. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం 1.8 నుంచి 3 దాకా ఒప్పుకుంటుంది. కింది అంచుకి దగ్గరగా ఉంటే మేలని చెప్పి, ఆ అంకె పట్టుకెళ్ళి వాళ్ళ పిల్లల డాక్టర్నే అడగమన్నాను.