పాసు పుస్తకము నుండి రాజ్యాంగము వరకు

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన మదరాసు నుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ డర్బన్ రేవు చేరెను. నేటాల్ చెరకు తోటలలో కూలి చేయుటకు ఒప్పందముపై మనవారు పోవుట ఆ ఓడతోనే మొదలు. అట్లు పోయినవారిలో తెలుగువారును పెక్కురు. కావున దక్షిణాఫ్రికాలోని వర్ణవివక్ష కథ మనకు కేవలము పరాయిది కాదు.

ఆ వివక్ష ఒక్కనాడు పుట్టినది కాదు. దేశమున అధిక సంఖ్యాకులు ఆఫ్రికనులే. అయినను 1913 నాటి భూమి చట్టము వారికి నూటికి సుమారు 7 వంతుల భూమినే మిగిల్చెను. 1936లో అది సుమారు 13 వంతులకు పెరిగెను. 1948 ఎన్నికలలో నేషనల్ పార్టీ గెలిచిన పిదప, అంతవరకు ఆచారముగను, చెదురుమదురు శాసనములుగను ఉన్న భేదము అపార్థైడ్ అను పేర రాజ్యతంత్రమయ్యెను. 1949లో తెల్లవారికిని ఇతరులకును వివాహము నిషిద్ధమయ్యెను. ప్రతి మనిషి జాతిని నమోదు చేయుటకొక చట్టము, ఏ జాతివారు ఏ పేటలో ఉండవలెనో విధించుటకొక చట్టము 1950లో వచ్చినవి. జాతి విషయమై సందేహము కలిగినచో వెండ్రుకలలో పెన్సిలు దోపి, అది జారిపడునో నిలుచునో చూచి నిర్ణయించుటయు కలదు! డర్బనులోని కేటో మేనర్ పేట నుండి భారతీయులును, ఆఫ్రికనులును ఇండ్లు విడిచి పోవలసివచ్చెను.

వీనియన్నిటిలో ప్రజలను నిత్యము బాధించినది పాసు. 1952లో వచ్చిన శాసనమునకు 'పాసుల రద్దు' అని పేరు. అది చేసిన పనియో, పాత పాసులన్నిటిని ఒకే పుస్తకముగా కుట్టుట. యజమాని సంతకము, పన్ను రసీదు, పట్టణమున ఉండుటకు అనుమతి అన్నియు అందులోనే. అడిగినపుడు చూపలేనివానికి చెరసాల. ఆ ఏటనే ఆఫ్రికనులును, భారతీయులును కలిసి సాగించిన శాసనోల్లంఘనమున 8,000 మందికి పైగా నిర్బంధింపబడిరి. 1956 ఆగస్టు 9న సుమారు 20,000 మంది స్త్రీలు ప్రిటోరియాలోని ప్రభుత్వ భవనముల యెదుట నిలిచిరి. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో, పాసులు లేకుండ వచ్చి మమ్ము పట్టుకొనుడని పోలీసు ఠాణాకు చేరిన జనముపై కాల్పులు జరిగెను. 69 మంది మరణించిరి. పెక్కురకు గుండ్లు వీపునే తగిలినవి.

1976లో సొవెటో విద్యార్థులు తిరుగబడిరి. కార్మికుల సమ్మెలు, విదేశముల ఆంక్షలు ప్రభుత్వమును క్రుంగదీసినవి. మన దేశము 1946లోనే వాణిజ్యము మానుకొని, ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు చేసియుండెను. 1986లో పాసు చట్టములు రద్దయినవి. 27 ఏండ్ల చెర పిదప 1990లో నెల్సన్ మండేలా విడుదలయ్యెను. 1994 ఏప్రిల్ 27న అన్ని జాతులవారును ఒకే వరుసలో నిలిచి ఓటు వేసిరి.

1996 డిసెంబరు 10న మండేలా క్రొత్త రాజ్యాంగముపై సంతకము చేసినది షార్ప్‌విల్ వద్దనే. ఆదరించి పెంపొందింపవలసిన భాషలలో తెలుగును అందు పేర్కొనిరి. చెరకు తోటల కూలీలు మోసికొని పోయిన మాటకు ఆ దేశపు మూలశాసనమున చోటు దొరకినది.

అయినను 1913 నాటి గాయము మానలేదు. 2017 నాటి ప్రభుత్వ భూగణనలో, వ్యక్తుల పేరనున్న వ్యవసాయ భూమిలో నూటికి 72 వంతులు తెల్లవారిదేయని తేలెను. ఓటు ఒక్కనాటిలో చేతికి వచ్చినది; భూమి ఇంకను రావలసియున్నది.