ఆడపిల్లకు రాజనీతి ఎందుకండీ?

మన ఇళ్ళల్లో ఒక వింత ఉంది. మీరూ గమనించే ఉంటారు. ఎన్నికల రోజుల్లో వీధి అరుగు మీద కూర్చున్న తాతగారి దగ్గర్నుంచి పాలు పోసే కుర్రాడి దాకా ప్రతి ఒక్కరూ రాజకీయ పండితులే. ఎవరు గెలుస్తారో, ఎందుకు గెలుస్తారో, గెలిచాక ఏం చేస్తారో అంతా వాళ్ళకు కరతలామలకం. కానీ "మా అమ్మాయి డిగ్రీలో పొలిటికల్ సైన్స్ తీసుకుంటానంటోంది" అని ఒకసారి చెప్పి చూడండి. "అయ్యో! ఇంకెందులోనూ సీటు రాలేదా?" అని జాలిపడతారు. అందరికీ పుట్టుకతో వచ్చిన విద్యే అయినా, పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకుంటానంటే మాత్రం నామోషీ!

మాది పిఠాపురం. పాదగయ, కుక్కుటేశ్వరస్వామి, పురుహూతికా అమ్మవారు... ఇవి చెబితేగాని ఒకప్పుడు దూరపు వాళ్ళకు మా ఊరు ఆనేది కాదు. 2024 ఎన్నికల పుణ్యమా అని ఢిల్లీ వాళ్ళకీ తెలిసిపోయింది. అలాంటి ఊళ్ళో, మా వీధిలోనే, ఇంటర్ సివిక్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయి "నేను రాజనీతి శాస్త్రమే చదువుతాను" అన్నందుకు ఆ ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. తండ్రి కంప్యూటర్లు అంటాడు. మేనమామ బి.కాం. అంటాడు. నాయనమ్మ అయితే ఒకటే మాట: "ఆడపిల్లకు రాజనీతి ఎందుకే? రేపు మొగుడి మీద ప్రయోగించడానికా?"

నేను బి.ఏ. చదివినదాన్ని. హెచ్.ఇ.పి. అనేవారు మా రోజుల్లో. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. పైగా నవలలు రాస్తానని వీధిలో కాస్త పేరు. అందుకని ఆ పిల్ల తల్లి వచ్చి, "మీరైనా చెప్పండి వదినగారూ! ఆ చదువు మన ఆడపిల్లలెవరైనా చదివారా? చదివి బాగుపడ్డారా?" అని అడిగింది. మంచి ప్రశ్నే. దానికి జవాబు ఈ గోదావరి గడ్డ మీదే ఉంది.

ముందు మా ఊరి పేరు మోస్తున్న కాలేజీ సంగతి చెప్పాలి. కాకినాడలో పి.ఆర్. కాలేజీ అని అందరూ ముద్దుగా పిలిచేది పిఠాపురం రాజావారి కాలేజీని. 1884లో కాలేజీగా వెలిసింది. 1904 నుంచి 1919 దాకా దానికి ప్రిన్సిపాలు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. తెల్లని బట్టలు, తెల్లని నడవడి. ఆడపిల్లలు మగపిల్లలతో పాటు కాలేజీలో కూర్చోవడమా అని ఊరంతా ముక్కున వేలేసుకునే కాలంలో, వాళ్ళకూ తలుపు తెరవాలని పట్టుబట్టినవారాయన. ఆయన్ని గురువుగా భావించిన పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూర్‌గారు వెనక నిలబడ్డారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ మహారాజా పేరు మీద వచ్చిందేనని మీకు తెలుసు. నాయుడుగారు తర్వాత 1925 నుంచి 1928 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా కూడా చేశారు.

అలా కాలేజీ తలుపైతే తెరుచుకుంది. అయితే తలుపు తెరిస్తే సరిపోదు గదండీ! లోపలికి వెళ్ళాక ఏ గదిలో కూర్చోవాలన్నది ఇంకో ప్రశ్న. కొన్ని చదువులు ఆడవాళ్ళకు నప్పుతాయని, కొన్ని నప్పవని పెద్దలకు గట్టి నమ్మకం. సంగీతం ఫరవాలేదు. సాహిత్యం ఫరవాలేదు. రాజ్యం గురించిన చదువు మాత్రం రాజ్యం ఏలేవాళ్ళదే!

ఆ గది తలుపు తట్టిన మనిషి దుర్గాబాయి. 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగిన పిల్ల. ఎనిమిదో ఏట పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళి తనకు సమ్మతం కాదని చెప్పి బయటికి వచ్చేసింది. తన ఇంగ్లీషు చదువును చిన్నప్పుడే మానేసి, తోటి ఆడపిల్లలను పోగేసి హిందీ నేర్పింది. 1921లో గాంధీగారు కాకినాడ వస్తే, దేవదాసీలూ ఘోషా స్త్రీలూ ఆయన మాట వినాలని పట్టుబట్టింది. అయిదు వేల రూపాయల నిధి ఇస్తేగాని కుదరదని పెద్దలంటే, అదీ పోగుచేయించి సభ జరిపించింది. అప్పటికి ఆ పిల్లకు పన్నెండేళ్ళు! 1923 కాకినాడ కాంగ్రెసులో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూగారినే ఆపేసిన సంగతి మీరు వినే ఉంటారు. నెహ్రూగారు మెచ్చుకున్నారట కూడా. నాకైతే అందులో ఆమె ధైర్యం కన్నా ఇంకొకటి ముచ్చటగా ఉంటుంది. నిబంధన అంటే అందరికీ ఒకటే అన్న మాట. రాజనీతి శాస్త్రంలో మొదటి పాఠం అదే. చట్టం ముందు చిన్నా పెద్దా లేదు. ఆ పిల్ల దాన్ని చదవకముందే అమలు చేసేసింది!

తర్వాత ఉప్పు సత్యాగ్రహం. 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు జైలు. జైల్లో ఆమె చూసిన ఆడవాళ్ళు దేశం కోసం వచ్చినవాళ్ళు మాత్రమే కాదు. హత్యానేరాల మీద వచ్చినవాళ్ళూ ఉన్నారు. తమ మీద మోపిన నేరం ఏమిటో, కోర్టులో ఎవరు ఏం మాట్లాడారో, తమకు శిక్ష ఎందుకు పడిందో వాళ్ళల్లో చాలామందికి తెలియదు. వాళ్ళ తరఫున నోరు విప్పే దిక్కు లేదు. మనం చదువుకోవాలి అని దుర్గాబాయి గట్టిగా అనుకున్నది అక్కడ. ఆమెకు చదువు ఉద్యోగం కోసమో, పెళ్ళి కోసమో కాదు. గోడ అవతల ఏం నిర్ణయిస్తున్నారో తెలుసుకోవడం కోసం.

బయటికి వచ్చి, ఇరవై దాటిన వయసులో మెట్రిక్‌కు కూర్చుంది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరీక్ష రాసి నెగ్గింది. ఇంటరూ అయింది. బి.ఏ.లో రాజనీతి తీసుకుంటానంటే అక్కడ అది మగపిల్లలకే అన్నారు. సరే, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది గదా అని వాల్తేరు వచ్చింది. అప్పుడు వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డిగారు. చదువు ఇవ్వడానికి ఆయనకు అభ్యంతరం లేదు. "ఆడపిల్లలకు హాస్టలు లేదే! ఎక్కడ ఉంటావు?" అన్నది ఆయన ఇబ్బంది.

ఇలాంటప్పుడు మనలో చాలామందిమి ఏం చేస్తాం? "హాస్టలు లేదట నాన్నా!" అని ఉత్తరం రాసి ఇంటికొచ్చేస్తాం. ఆమె పేపర్లో ప్రకటన వేయించింది. హాస్టలు లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలెవరైనా ఉంటే రండి, కలిసి ఉందాం అని. వచ్చారు! అందరూ కలిసి ఉండడానికి వసతి చూసుకున్నారు. హాస్టలు ఏర్పడిపోయింది. ఇంక సీటు ఇవ్వక ఏం చేస్తారు? అలా 1930ల చివరి భాగంలో దుర్గాబాయి రాజనీతి శాస్త్రంలో బి.ఏ. ఆనర్సు చదివింది, మంచిగా నెగ్గింది. పైచదువుకు ఇంగ్లండు వెళ్ళే అవకాశం వచ్చినా 1939లో యుద్ధం అడ్డొచ్చింది. మద్రాసులో లా చదివి 1942లో పట్టా పుచ్చుకుంది.

ఇంగ్లండు అంటే జ్ఞాపకం వచ్చింది. మనం వెనకబడ్డవాళ్ళం, వాళ్ళు ముందున్నవాళ్ళు అనుకుంటాం గదా! ఆ రోజుల్లో కేంబ్రిడ్జిలో ఆడవాళ్ళు పాఠాలు వినవచ్చు, పరీక్షలు రాయవచ్చు, మగవాళ్ళను మించి మార్కులు తెచ్చుకోవచ్చు. అన్నీ అయ్యాక మగవాళ్ళతో సమానమైన డిగ్రీ మాత్రం ఇవ్వరు. ఆ హక్కు అక్కడి ఆడవాళ్ళకు 1948లో గాని రాలేదు. ఆక్స్‌ఫర్డులోనైనా 1920 దాకా ఆగాల్సి వచ్చింది. మన నాయనమ్మల కాలపు వాల్తేరు అంత తీసిపారేయవలసినదేం కాదు సుమండీ!

ఇంతకీ ఆ చదువులో ఏముంటుంది అంటారా? నేను చదివినప్పుడు మొదట్లోనే రాజ్యానికి నాలుగు లక్షణాలు చెప్పారు. ప్రజలు, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. కౌటిల్యుడి దగ్గరికి వచ్చేసరికి అవి ఏడయ్యాయి. స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు. నాకు నవ్వొచ్చింది. ఇది మా అమ్మ సంసారమే గదా! స్వామి సరే, పేరుకు నాన్నగారు. కోశం పోపులపెట్టెలో అడుగున. దండం తలుపు వెనక. మిత్రులు పక్కింటి పిన్నిగారు. ఎవరితో సంధి, ఎవరితో విగ్రహం అన్నది అమ్మకు ఏ కౌటిల్యుడూ చెప్పనక్కర్లేదు.

ఆ అర్థశాస్త్రం కథా చిత్రమే. పేరు అందరికీ తెలుసు గాని, శతాబ్దాల పాటు గ్రంథం ఎవరికీ కనబడలేదు. 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయంలో శామశాస్త్రిగారికి తాళపత్రాలు దొరికాయి. ఆయన అచ్చు వేయించింది 1909లో. దుర్గాబాయి పుట్టిన సంవత్సరమే! వాల్తేరులో చదివేనాటికి ఆ ప్రాచీన శాస్త్రం అచ్చులో ఆమె వయసుదే అన్నమాట.

చదివి బాగుపడిందా అని గదా మా వదినగారి రెండో ప్రశ్న. బాగుపడింది సరే, మనల్నీ బాగుచేసింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభ పెట్టి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను బెనారస్ మెట్రిక్‌కు కూర్చోబెట్టింది. 1946లో రాజ్యాంగ సభకు వెళ్ళింది. ఆ సభలో స్త్రీలు మొత్తం పదిహేను మంది. పై సభకు, అంటే ఇప్పటి రాజ్యసభకు, పోటీ చేయాలంటే ముప్ఫై అయిదేళ్ళు నిండాలని ప్రతిపాదన వస్తే, ముప్ఫై చాలు అని సవరణ తెచ్చింది దుర్గాబాయే. వయసు వస్తేనే వివేకం వస్తుందనుకోవడం సరికాదు, ఈ కాలపు మగపిల్లలూ ఆడపిల్లలూ చురుకైనవాళ్ళు, వాళ్ళ చదువు విశాలమైనది అన్నది ఆమె వాదం. ఆ సవరణ నెగ్గింది. ఇవాళ్టికీ రాజ్యసభకు ముప్ఫై ఏళ్ళే. రాజనీతి చదివిన ఒక తెలుగు ఆడపిల్ల మాట ఆ పుస్తకంలో అలా స్థిరంగా ఉండిపోయింది. తర్వాత ప్రణాళికా సంఘం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, 1958లో స్త్రీవిద్య మీద వేసిన జాతీయ సంఘానికి అధ్యక్షత, 1975లో పద్మవిభూషణ్. 1981లో కన్నుమూసింది.

"అందరూ దుర్గాబాయిలు అవుతారా వదినగారూ?" అంది ఆ తల్లి. అవరు. ఆ మాట నిజం. ఆమె భయమూ నిజమే. డిగ్రీ కాగితం పట్టుకుని పిల్ల ఇంట్లో కూర్చుంటే రేపు మాట పడేది తల్లే. పోటీ పరీక్షలున్నాయి, లా ఉంది, బి.ఇడి. ఉంది అని చెప్పగలనుగాని, ఉద్యోగం ఖాయం అని హామీ ఇవ్వలేను. ఆ మాటకొస్తే కంప్యూటరు చదువుకీ ఎవరూ హామీపత్రం రాసివ్వడం లేదు. అయితే ఒకటి అడిగాను. "1992 నాటి డెబ్భై మూడో రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు ఆడవాళ్ళకిచ్చింది. మన రాష్ట్రంలో తర్వాత అది సగమైంది. మరి ఊళ్ళల్లో సర్పంచిగారెవరంటే గెలిచిన ఆవిడను చూపిస్తున్నారా, ఆవిడ భర్తను చూపిస్తున్నారా?" ఆమె నవ్వి ఊరుకుంది. వాళ్ళ పుట్టింటి ఊళ్ళో సంగతి ఆమెకు తెలుసు.

కుర్చీ చట్టం ఇస్తుంది. కుర్చీలో కూర్చుని ఏ కాగితం మీద సంతకం పెట్టాలో, దేని మీద పెట్టకూడదో చదువే ఇవ్వాలి. వంటింట్లో మనం ఎంత చాణక్యం చూపించినా, గ్రామసభ నిధులు, పంచాయతీ తీర్మానం, ప్రాథమిక హక్కు అనే మాటల అర్థం తెలియకపోతే ఆ చాణక్యం గడప దాటదు.

చివరగా ఒక్క లెక్క చెబుతాను. స్వతంత్రం వచ్చాక మొదటి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితాలు తయారుచేస్తుంటే, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావాడి తల్లిని అని రాయించుకున్నారు. అది పేరు కాదు, అసలు పేరు చెబితేనే ఓటు అన్నారు అప్పటి ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్‌గారు. చెప్పనివారిని జాబితాలోంచి తీసేశారు. అలా పోయిన పేర్లు దాదాపు 28 లక్షలు! వాళ్ళకు వయసు ఉంది, హక్కు ఉంది, దేశం ఉంది. నోరు తెరిచి పేరు చెప్పే అలవాటు ఒక్కటే లేదు.

ఈసారి జాబితా ఇంటికొచ్చినప్పుడు ఆయనగారికి అప్పగించేయకుండా మీరే తీసుకుని చూడండి. మీ పేరు అక్షరం తప్పు లేకుండా పడిందో లేదో సరిచూసుకోండి. పద్దెనిమిది నిండిన అమ్మాయి ఇంట్లో ఉంటే దాని పేరూ ఎక్కించండి. అది ఏ చదువు చదివినా సరే, ఆ మాత్రం రాజనీతి మనందరికీ కావాలి.